వరదపాయసం తిన్నవాళ్లు

1980 ఆగస్టు ఎనిమిది, శుక్రవారం. ఆ సాయంత్రం ఉపదేశి బాలస్వామి తిన్నది మోదుగాకు దొప్పలో చల్లారిపోయిన బెల్లం పాయసం.

నంద్యాలలో రెండు రోజుల ఉపదేశుల కూటం ముగించుకుని, ఆళ్లగడ్డదాకా బస్సులో నిలబడి, అక్కడినుంచి మిట్టపల్లెకు నాలుగు మైళ్లు ఎండలో నడిచి వచ్చాడు. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. భార్య జయమ్మ చెంబుతో నీళ్లిచ్చి, మాట్లాడకుండా దొప్ప తెచ్చి ముందు పెట్టింది. మొదటి ముద్ద గుటుక్కున దిగిపోయింది. రెండో ముద్దలో పంటికింద రాతిపొడి కరకరలాడింది.

కుండలో వండి కుండలోంచి పెట్టిన పాయసంలో రాతిపొడి ఉండదు. ఆ ఊళ్లో పాయసాన్ని రాతిమీద పోసేది ఒక్కదానికే.

ఆ ఏడు ఆషాఢం ముగియవచ్చినా చినుకు రాలలేదు. వాన రాకపోతే ఊరంతా కలిసి మొక్కే మొక్కు వరదపాయసం. ఇంటింటా పిడికెడు బియ్యం, ముక్క బెల్లం పోగుచేసి, గుట్టమీద వండి, కడిగిన బండమీద పోస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని, పశువుల్లాగా వంగి నాకుతారు. ఆ అవస్థ చూసి వాన దేవుడికి జాలి పుడుతుందని నమ్మకం. ఎప్పుడూ పిలవని క్రైస్తవుల పేటను ఈసారి పిలిచారు. పేటవాళ్లకు దిగువన వేరే బండ, వాళ్ల వంతు బియ్యం బెల్లం రెడ్లే ఇచ్చారు.

బాలస్వామి నమలడం ఆపి జయమ్మవైపు చూశాడు. ఆమె పొయ్యివైపు చూస్తోంది. పొయ్యిలో నిప్పు లేదు. అతను మూడో ముద్ద పెట్టుకున్నాడు. దొప్ప ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. చివరికి ఆకును వేలితో తుడిచి ఆ వేలు కూడా నాకాడు. అప్పుడు అడిగాడు, ఎంతమంది పోయినారని. పేటలో సగానికి పైగా పోయినారని, తాను కూడా తిన్నానని, బండ అంచున మిగిలింది అతని కోసం ఎత్తుకొచ్చానని జయమ్మ చెప్పింది. వారం రోజులుగా ఆ ఇంట్లో జొన్న గంజి తప్ప వేరే లేదని ఇద్దరికీ తెలుసు. కాబట్టి ఆమె ఆ సంగతి ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

బాలస్వామి ఆ పేటకు ఉపదేశిగా వచ్చి పంతొమ్మిదేళ్లు. వారమంతా మట్టిగోడల బడిలో పిల్లలకు చదువు చెప్పడం, ఆదివారం అదే బడిలో ఆరాధన నడపడం అతని పని. మూడు నెలలకోసారి నంద్యాలనుంచి సంజీవయ్య అయ్యగారు వచ్చి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చిపోతారు. ఆయన వచ్చేలోగా, విగ్రహాల మొక్కుల్లో పాలుపంచుకున్నవాళ్ల పేర్లు ఉపదేశి రాసిపెట్టాలి. ఆ పేర్లవాళ్లకు మూడు నెలలు బల్ల లేదు. ఆరాధనలో చాప మీద చోటు కూడా లేదు, వెనక వట్టి నేలమీద కూర్చోవాలి. తప్పు ఉపదేశి ఇంట్లోనే జరిగితే ఉపదేశి పని పోతుంది. పనితోపాటు మిషన్ వాళ్లిచ్చిన ఇల్లు పోతుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషికి ఆ రెండూ పోతే మిగిలేది భుజంమీద తువ్వాలు.

ఆదివారం వచ్చింది. ఆ రోజు బాలస్వామి చెప్పినంత కటువైన ప్రసంగం ఆ పేటలో అంతకుముందు ఎవరూ వినలేదు. ప్రవక్తలందరినీ వరసగా దించాడు. పారే ఊటను వదిలి పగిలిన తొట్లు తవ్వుకున్నవాళ్ల గురించి యిర్మీయా ఏడ్చిన ఏడుపు చెప్పాడు. కట్టుకున్నవాణ్ని వదిలి పరాయివాళ్ల వెంటపడిన భార్యతో హోషేయ తన జనాన్ని పోల్చిన సంగతి చెప్పాడు. ఆకాశం ఇనుమైపోయింది మీ నాలుకల వల్లనే అన్నాడు. బండ నాకిన నాలుకతో పాట పాడితే దేవుడు చెవులు మూసుకుంటాడన్నాడు. గొంతు ఎంత పెంచినా పంటికింద రాతిపొడి కరకర వినిపిస్తూనే ఉంది. ఆడవాళ్లలో ముందు వరసలో కూర్చున్న జయమ్మ చాప అంచు పీకుతూ తల ఎత్తలేదు.

ఆ సాయంత్రమే వాన పడింది.

మామూలు వాన కాదు. గుట్టవైపునుంచి దుమ్ము లేచి, ఆ దుమ్మును నేలకు కొట్టేస్తూ వచ్చిన వాన. పేటలో ఆడా మగా వాకిళ్లలోకి వచ్చి నిలబడి తడిశారు. ఊళ్లో డప్పులు మోగాయి. బాలస్వామి ఇంటి చూరు కింద నిలబడి చెయ్యి చాపాడు. అరచేతిలో నీళ్లు నిండాయి. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, ఆ నీళ్లను అట్లాగే చాలాసేపు పట్టుకున్నాడు.

మర్నాడు పేటలో నవ్వులు మొదలయ్యాయి. ఉపదేశి ఆకాశానికి తాళం వేస్తే దిగువ బండ వాళ్లు తీసినారని కూలికి పోయే ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. నవ్వినా ఎవరూ జయమ్మ పేరు ఎత్తలేదు. ఆమె పాయసం తినడం తోడు తిన్న ఇరవై రెండు మందీ చూశారు. చూసి కూడా ఎదురుపడితే వానల సంగతి, విత్తనాల సంగతి మాట్లాడి పోతున్నారు. ఆ దయ బాలస్వామికి ముల్లులా గుచ్చుకుంది.

అయ్యగారు వచ్చే ఆదివారం ఇరవై నాలుగో తేదీ. శనివారం పొద్దున బాలస్వామి తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. యోబు, లూదియా, మద్దిలేటి, అంకమ్మ... ఒక్కొక్క పేరూ రాస్తుంటే ఆ మనిషి బాప్తిస్మమో పెళ్లో గుర్తుకొచ్చింది. ఇరవై రెండు పేర్లు రాశాక కలం ఆగింది. జయమ్మ గడప దగ్గర కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. చెరగడం ఆపి, అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాడు.  ఆమె మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

ఆదివారం ఆకాశం పొద్దుననుంచే మూసుకుని ఉంది. సంజీవయ్య అయ్యగారు ఆళ్లగడ్డనుంచి ఎద్దుల బండిలో వచ్చారు. అరవై దాటిన మనిషి, సన్నగా, చింతబరిక మాదిరిగా ఉంటారు. నంద్యాల శిక్షణబడిలో బాలస్వామికి ప్రవక్తల గ్రంథాలు చెప్పింది ఆయనే. తప్పు చేసినవాడు సొంత బావమరిది అయినా బల్లకు దూరం పెట్టినాయన అని పేరు. బాలస్వామి ఇచ్చిన కాగితం చదివి, మడిచి, అంగీ జేబులో పెట్టుకున్నారు. ఇంకెవరూ లేరా అని అడిగారు. బాలస్వామి తల అడ్డంగా ఊపాడు. గొంతుతో చెప్పివుంటే అది అబద్ధమయ్యేదనీ, తల ఊపితే కొంచెం తక్కువ అబద్ధమనీ ఆ క్షణంలో అనిపించింది.

ప్రసంగం తర్వాత అయ్యగారు కాగితం తీసి పేర్లు చదివారు. పిలిచినవాళ్లు లేచి వెనక్కి పోయి వట్టి నేలమీద కూర్చుంటున్నారు. అంకమ్మ వంతు వచ్చింది. అంకమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. పేటనుంచి గుట్టమీదికి కుండ మోసింది ఆమే. లేచింది కానీ వెనక్కి పోలేదు.

"ఒక మాట అడగల్ల అయ్యగారూ. పోయిన్నెల పొడుగూతా వానలు రాకపోయేది మీ పాపం వల్లనే అని ఈయప్ప చెప్పె. సరే అనుకుంటిమి. అయితే మేము బండ నాకితే మా మీద నిప్పులు కురవల్ల గదా? వాన కురిసె. దేవుడు పొరపాటు పడినాడా?"

మగవాళ్ల వైపు ఎవరో దగ్గు ముసుగులో నవ్వారు. అయ్యగారు నవ్వలేదు, కోప్పడనూలేదు. ఆ ప్రశ్నను ఆయన రోడ్డుమీద దొరికిన వస్తువులా కాసేపు అటూ ఇటూ తిప్పి చూసినట్టున్నారు.

"నువ్వు తిన్న బియ్యం, బెల్లం ఎవరిది అంకమ్మా?"

"రెడ్డోళ్లది," అంది అంకమ్మ వెంటనే.

ఈసారి నవ్వు దాగలేదు. అయ్యగారు నవ్వు అణిగేదాకా ఆగారు. తర్వాత మెల్లగా చెప్పారు. హోషేయ ప్రవక్త బాధంతా ఇదేనన్నారు. ఇంటికి గింజలు, నూనె, ఉన్నిబట్ట మొగుడు తెచ్చిపెడుతుంటే, భార్య పోయి పక్కింటివాడికి దండం పెట్టివస్తుంది. అయినా తేవడం మానలేక, తెచ్చినట్టు చెప్పుకోనూలేక ఆ మొగుడు పడే బాధ దేవుడిదన్నారు. వాన ఇచ్చింది పొరపాటున కాదు, కోపంలో ఉండి కూడా ఇచ్చాడన్నారు.

అంకమ్మ ఆలోచించింది. "మా ఆయప్ప గూడా అట్లే," అంది చివరికి. "అలిగినా సంగటికి జొన్నలు తెచ్చి పడేసి, గోడ తట్టు తిరిగి పండుకుంటాండె." చెంగు సర్దుకుని, తనంతట తానే వెనక్కి నడిచింది.

ఇరవై రెండో పేరు అయిపోయింది. అయ్యగారు కాగితం మడిచారు. బాలస్వామి బల్లమీద తెల్లగుడ్డ సర్దడానికి ముందుకు కదిలాడు. అప్పుడు ఆడవాళ్ల ముందు వరసలో జయమ్మ లేచి నిలబడింది.

"నా పేరు రాయలేదు అయ్యగారూ. నేను గూడా తిన్న్యా."

అంతే చెప్పింది. భర్తవైపు చూడలేదు. నేను తిన్నాను అన్నదే కానీ, ఆయనకు పెట్టాను అనలేదు. వెనక ఇరవై రెండు మంది దగ్గరకు పోయి, లూదియా పక్కన కూర్చుంది. బడి పైకప్పు మీద చినుకులు మొదలయ్యాయి. అయ్యగారు బాలస్వామిని చూశారు.

తెల్లగుడ్డ కొస బాలస్వామి చేతిలో ఉంది. ఇప్పుడు ఊరకుంటే చాలు. భార్యను కాపాడుకోవాలని చూశాడు అనుకుంటారు. మగవాడన్నాక ఆ బలహీనత ఉంటుంది అనుకుంటారు. పని పోతే పోవచ్చు, పోకుండానూ ఉండవచ్చు. దొప్ప సంగతి ఇద్దరికే తెలుసు, అందులో జయమ్మ తాను చెప్పనని ఇప్పుడే అందరి ముందూ చెప్పకనే చెప్పింది. వెనక వట్టి నేలమీద జయమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆమె ముందు చాప అంచు, చాపకు అవతల తను. గుడ్డ వదిలేశాడు.

"నేను గూడా తిన్నాను," అన్నాడు. గొంతు బడిలో పిల్లలకు పాఠం చెప్పే గొంతులా ఉండటం అతనికే వింతగా తోచింది. "వీళ్లు అందరి ముందర తిన్నారు. నేను ఇంట్లో కూచోని తిన్నాను. బండమీదిదని తెలిసినాకనే తిన్నాను. తిన్న రెండో దినం ఈ చోటనే నిలబడి వీళ్లను తిట్టినాను. జాబితాలో ఇంకెవరూ లేరా అని మీరు అడిగితే లేరని తల ఊపినాను."

వాన ఒక్కసారిగా పెరిగింది. అయ్యగారు చేతిలోని కాగితం జేబులో పెట్టుకున్నారు. చేత్తో వెనకవైపు చూపించారు. బాలస్వామి నడిచాడు. పంతొమ్మిదేళ్లుగా ముందునుంచే చూసిన ఆ బడి వెనకనుంచి చిన్నగా, చీకటిగా ఉంది. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే అంకమ్మ అతని పంచె అంచు పట్టి లాగింది.

"ఏం ఉపదేశప్పా. ఆ పొద్దు మమ్మల్ని అనని మాట లేదు. కడుపులో మా బండ పాయసం పెట్టుకోనా?" అని గుసగుసలాడింది.

అవునన్నాడు.

"ఇట్ల జరుగు. ఆడ చీమలుండాయి."

అతను జరిగాడు. ఆ రోజు ప్రభువు బల్లకు ముప్పై ఒక్క మందిలో వెళ్లింది ఏడుగురు. 

ఆరాధన అయ్యేసరికి వాగు పొంగింది. బండివాడు పోయి చూసివచ్చి, తెల్లారేదాకా ఎద్దులు దిగవన్నాడు. అయ్యగారు ఉండదగిన ఇల్లు పేటలో ఒక్కటే, ఉపదేశి ఇల్లు. ఆయన వచ్చి మంచంమీద కూర్చున్నారు. మూలన జయమ్మ కట్టిన మూట ఉంది, గిన్నెలూ రెండు దుప్పట్లూ. ఆరాధననుంచి రాగానే ఆమె చేసిన పని అదే. ఎవరో పొమ్మని చెప్పేదాకా కాచుకోవడం ఆమె స్వభావంలో లేదు. ఆయన మూటను చూశారు, చూసి కిటికీవైపు తిరిగారు.

వెలుతురు తగ్గాక జయమ్మ భర్తతో మెల్లగా అంది, మనింట్లో తింటారో లేదో అడగమని. ఆయనకు వినిపించింది.

"ఆకలైతాంది తల్లీ. ఏముంటే అది పెట్టు."

మూటలోంచి గిన్నెలు మళ్లీ బయటికి వచ్చాయి. కొర్రబువ్వ, వానకు దడి పక్కన మొలిచిన చెంచలాకు పప్పు. బల్లకు దూరమైన చేతులు వడ్డిస్తుంటే, దూరం పెట్టిన ఆయనే రెండుసార్లు అడిగి పెట్టించుకున్నారు. బాలస్వామి మాత్రం తన కంచం పక్కకు జరిపాడు. మిషన్ వాళ్లకు ఉత్తరం ఎప్పుడు రాస్తారని అడగాలి. ఇల్లు ఎప్పటిలోగా ఖాళీ చెయ్యాలని అడగాలి.

అతను అడిగేలోగా అంకమ్మ వచ్చింది, నెత్తిన గోనెసంచి కప్పుకుని, వెనక యోబునూ లూదియానూ వెంటబెట్టుకుని. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే నిలబడింది. ఈయప్పను తీసేస్తారంట గదా అని అడిగింది. క్రమం అట్లా ఉందన్నారు అయ్యగారు.

"క్రమం కాదని నేనన్న్యా? ఈయప్ప పిరికోడే. అబద్ధం గూడా సరీగా చెప్పడు, తల ఊపుతాడు. కానీ మా పిరికోడు. కలరా వచ్చినపుడు మా ఇండ్లలోకి వచ్చింది ఈయప్ప ఒక్కడే. ఇంకొకన్ని పంపిస్తే ఆయప్ప యాడ పిరికిపడతాడో మేము మళ్లా మొదట్నుంచి చూసుకోవల్ల." చెప్పాల్సింది అయిపోయినట్టు సంచి సర్దుకుంది. "మాకు మూన్నెల్లు వెనక కూచునేదానికి ఏం బాధ లేదు. అది న్యాయమే. ఈయన్ను మాతోపాటు కూచోపెట్టండి. యాడికీ పంపించొద్దండి."

వాళ్లు వానలో వెళ్లిపోయాక అయ్యగారు గడపవైపే చూస్తూ కూర్చున్నారు. చూరునీళ్లు కింద పెట్టిన గంగాళంలో పడుతున్నాయి. తర్వాత, పేటను తిట్టిన ఆ ఆదివారం ప్రసంగంలో హోషేయనుంచి ఏం చెప్పావని బాలస్వామిని అడిగారు. బాలస్వామి చెప్పాడు. భార్య తప్పు, దేవుడి కోపం, దారికి కట్టిన ముళ్లకంచె, ఎండిపోయే పొలాలు.

"తర్వాత?"

తర్వాత ఏమీ చెప్పలేదన్నాడు.

"నేను నీకు సగమే నేర్పినట్టుండాను," అన్నారు ఆయన. "నేనూ నలభై ఏండ్లు ఆ సగమే చెప్పినాను. కంచె కట్టేది వెళ్లగొట్టడానికని అనుకుంటిమి. వెళ్లగొట్టాలంటే కంచె ఎందుకు బాలస్వామీ? దారి తెరిచి ఊరుకుంటే పోతుంది. ఇంకా దూరం పోకుండా, తిరిగి ఇంటి తట్టు రావల్లనే కంచె." మంచంమీద సర్దుకుని కూర్చుని మళ్లీ అన్నారు. "ఆ ప్రవక్తల కోపం చూడు, ఎన్ని అధ్యాయాలుంది. తెగదెంపులు చేసుకునేవాడు అంతసేపు మాట్లాడడు. ఒక్క మాటతో పోతాడు."

ఆయన సంచిలోంచి కాగితం, కలం తీసి, బుడ్డిదీపం దగ్గరికి తెమ్మన్నారు. మంచంమీద పెట్టె అడ్డం పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. ఒక్కో వాక్యం రాసి ఆగుతున్నారు. బాలస్వామి కింద గోడకానుకుని, ఆ కలం ఎప్పుడు ఆగుతుందా, ఆగితే ఏమవుతుందా అని చూస్తూ కూర్చున్నాడు. జయమ్మ గిన్నెలు తోమి, వాటిని మూటలో పెట్టాలో గూట్లో పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది.

చివరికి ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఉత్తరం పైకి చదివారు. జరిగిందంతా ఉంది. దొప్ప ఉంది, ప్రసంగం ఉంది, తల ఊపడం ఉంది. ఏదీ మెత్తబరచలేదు. బాలస్వామి తల వంచుకుని విన్నాడు. ఇరవై నాలుగు మందికీ మూడు నెలలు బల్ల లేదని రాశారు. ఆ తర్వాత ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. ఈ మనిషిని ఇక్కడే ఉపదేశిగా ఉంచమని అడుగుతున్నాను. ఈ మూడు నెలలూ అతను ఆరాధన వెనక నేలమీద కూర్చునే నడుపుతాడు. నేను నెలనెలా వచ్చి చూస్తాను. ఇది క్రమం కాదంటే, క్రమం తప్పినవాడిగా నా పేరు కూడా రాసుకోండి.

"వాళ్లు ఒప్పుకుంటారని చెప్పలేను," అన్నారు కాగితం మడుస్తూ. "క్షమించడం నా చేతిలో లేదు. అడగడం మాత్రం ఉంది."

  బాలస్వామి లేచి ఆయన కాళ్లదగ్గర దుప్పటి పరిచాడు. ఆయన అప్పటికే గోడవైపు తిరిగి పడుకున్నారు.

జయమ్మ ఒళ్లోని గిన్నెలు తీసి, ఒక్కొక్కటీ గూట్లో బోర్లించింది. జవాబు రావడానికి పదిరోజులు పట్టవచ్చు, నెల పట్టవచ్చు. వాన జల్లు గడపదాకా కొడుతోంది. ఆమె లేచి, పడుకున్న మనిషికి నిద్ర చెడకుండా తలుపు మెల్లగా దగ్గరికి లాగి గడియ పెట్టింది.